యూనిట్లు ఎక్కడ పోతున్నాయి? ఇంట్లో వేడి ఉన్నచోట వెతకండి

కరెంటు ఆదా చేయమని చెప్పే జాబితాలు అందరం చూసే ఉంటాం. గదిలోంచి వెళ్లేటప్పుడు లైటు ఆర్పండి, చార్జింగ్ అయ్యాక ప్లగ్ తీసేయండి, గీజరు కట్టేయండి, ఏసీ తగ్గించండి. అన్నీ ఒకే వరుసలో, ఒకే బరువుతో కనిపిస్తాయి. వాటిలో చెడ్డ సలహా ఒక్కటీ లేదు. కానీ ఒకదానికీ ఇంకోదానికీ ఫలితంలో వందల రెట్ల తేడా ఉంటుంది. ఆ తేడా తెలియకపోతే మనకున్న కాస్త ఓపికా చిన్న పనుల దగ్గరే అయిపోతుంది. పెద్దవి అలాగే మిగిలిపోతాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇప్పుడొస్తున్న ఫోన్ చార్జర్‌ని ఫోన్ తగిలించకుండా ప్లగ్‌లో వదిలేస్తే అది లాగేది 0.1 వాట్‌కి అటూఇటూగా ఉంటుంది. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. ఏడాదికి 8,760 గంటలు. అన్ని గంటలూ అలాగే వదిలేసినా ఒక యూనిట్ కాలదు. ఇప్పుడు షవర్ సంగతి. నిమిషానికి 10 లీటర్లు పోసే షవర్ కింద ఐదు నిమిషాలు వేడినీళ్ల స్నానం చేస్తే 50 లీటర్లు. 25 డిగ్రీల నీళ్లను 45 డిగ్రీలకు తేవడానికి దాదాపు 1.16 యూనిట్లు పడుతుంది. అంటే ఏడాది పొడుగునా ప్లగ్ తీస్తూ మిగిల్చినదంతా ఒక్క స్నానానికే సరిపోదు. అదే 1.16 యూనిట్లతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఐదు రోజులకు పైగా ఆపకుండా వెలుగుతుంది.

చార్జర్ తీయొద్దని కాదు. తీయడం అలవాటైతే అలాగే తీయండి. అంతటితో మన వంతు అయిపోయిందని మాత్రం అనుకోవద్దు.

వేడికి ఎందుకంత శక్తి?

ఒక లీటరు నీళ్లను ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 4,186 జౌల్స్ కావాలి. అంతే శక్తితో ఆ లీటరు నీళ్లను 427 మీటర్ల ఎత్తుకు ఎత్తొచ్చు. 1840లలో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త బరువులు కిందికి దిగుతుంటే నీటిలో తెడ్లు తిరిగే పరికరం పెట్టి, నీళ్లు ఎంత వేడెక్కాయో ఓపిగ్గా కొలిచి ఈ సంబంధాన్ని తేల్చాడు. జౌల్ అనే కొలతకు ఆయన పేరే పెట్టారు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌల్స్.

ఈ ఒక్క సంగతితో ఇల్లంతా కొత్తగా కనిపిస్తుంది. వెయ్యి లీటర్ల నీళ్లను పది మీటర్ల పైనున్న ట్యాంకుకు ఎక్కించడానికి, మోటారులో పంపులో పోయే నష్టాలు కలుపుకున్నా, యూనిట్‌లో పదోవంతు ప్రాంతంలో అవుతుంది. అవే వెయ్యి లీటర్లను 20 డిగ్రీలు వేడి చేయాలంటే 23 యూనిట్లు. మోటారు పెద్ద చప్పుడు చేస్తుంది కాబట్టి కరెంటంతా అదే తినేస్తోందని అనుకుంటాం. గీజరు చప్పుడు చేయదు, మూలన ఎర్ర లైటు వెలిగించుకుని ఊరుకుంటుంది.

కాబట్టి మోటుగా ఒక గుర్తు పెట్టుకోవచ్చు. వెలిగేవి, తిరిగేవి, మోగేవి తక్కువ తింటాయి. వేడి చేసేవి, వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోడిపోసేవి ఎక్కువ తింటాయి. ఏసీ, ఫ్రిజ్ చల్లబరుస్తున్నట్టు కనిపించినా అవి చేసేదీ వేడిని తోడిపోయడమే. పాత ఫిలమెంట్ బల్బు కూడా ఒక రకంగా హీటరే. అది తీసుకునే కరెంటులో వెలుతురుగా మారేది 5 శాతం దగ్గరదగ్గర, మిగతాదంతా వేడి. 60 వాట్ల ఆ బల్బు ఇచ్చే వెలుతురును 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తోంది. దాన్ని సాధ్యం చేసిన నీలి ఎల్‌ఈడీకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మీ ఇంట్లో పాత బల్బు ఇంకా ఉంటే అది పాడయ్యేదాకా ఆగక్కర్లేదు.

నీళ్లు, పొయ్యి

స్నానం దగ్గర చేయగలిగినవి మూడు. నీళ్లు తగ్గించడం, వేడి తగ్గించడం, వేడిచేసే పద్ధతి మార్చడం. నిమిషానికి 6, 7 లీటర్లు మాత్రమే ఇచ్చే షవర్ తల పెట్టుకుంటే స్నానం హాయి పెద్దగా తగ్గకుండానే మూడోవంతు యూనిట్లు మిగులుతాయి. గీజరు రోజంతా ఆన్‌లో ఉంటే ట్యాంకు గోడల్లోంచి వేడి నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది, అది మళ్లీ మళ్లీ కాచుకుంటూనే ఉంటుంది. స్నానానికి కాసేపు ముందు వేసుకుని, పని కాగానే కట్టేయడం మేలు. వేడినీళ్లను ఎప్పుడూ నిల్వ ఉంచే పెద్ద ట్యాంకుల విషయంలో మాత్రం ఉష్ణోగ్రతను మరీ తగ్గించకూడదు. గోరువెచ్చని నిల్వ నీటిలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. అందుకే అలాంటి ట్యాంకుల్లో 60 డిగ్రీలు ఉంచమంటారు. ఇక సోలార్ వాటర్ హీటర్ అయితే ఎండ ఉన్న రోజుల్లో కరెంటు అవసరమే పెద్దగా ఉండదు. హీట్ పంప్ గీజరు గాలిలోని వేడిని తోడి నీళ్లలో పోస్తుంది కాబట్టి మామూలు గీజరు తీసుకునే దాంట్లో మూడోవంతు కరెంటుతోనే అదే పని చేస్తుంది.

వాషింగ్ మెషీన్‌లో కూడా మోటారు తినేది తక్కువ. వేడినీళ్ల వాష్ పెడితే ఖర్చులో పెద్ద భాగం నీళ్లు కాచడానికే పోతుంది. మామూలు మురికికి చన్నీళ్లు చాలు. బట్టలు ఆరబెట్టే యంత్రం బదులు తాడు కడితే ఒక్కో విడతకు రెండు యూనిట్లకు పైగానే మిగలొచ్చు.

వంట దగ్గర చాలామందికి ఒక భ్రమ ఉంటుంది. మంట ఎంత పెద్దదైతే వంట అంత త్వరగా అవుతుందని. నీళ్లు మరగడం మొదలయ్యేదాకా అది నిజమే. మరిగాక నిజం కాదు. మూత వదులుగా ఉన్న గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు, కింద ఎంత మంట పెట్టినా. అదనపు మంటంతా నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఆ ఆవిరి ఖరీదు చూడండి. 25 డిగ్రీల లీటరు నీళ్లను మరిగే స్థాయికి తేవడానికి 314 కిలోజౌల్స్ అయితే, ఆ లీటరంతా ఆవిరి కావడానికి 2,257 కిలోజౌల్స్ కావాలి. ఏడు రెట్లు. మరుగు పట్టగానే మంట సిమ్‌లో పెట్టి మూత వేయడం ఎవరైనా చేయగల పని, దానికి పైసా ఖర్చు లేదు. ప్రెషర్ కుక్కర్ ఇంకో అడుగు ముందుకెళ్తుంది. ఆవిరిని లోపలే బంధించి 120 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది, వంట సమయమే తగ్గిపోతుంది.

గ్యాసా, ఇండక్షనా అనే ప్రశ్నకు మాత్రం అన్నిచోట్లా ఒకే జవాబు లేదు. ఇండక్షన్ పొయ్యి తీసుకున్న శక్తిలో 85 శాతం దాకా గిన్నెకు చేరుస్తుంది. గ్యాస్ పొయ్యి చాలాసార్లు సగం కూడా చేర్చదు. అయినా ఆ కరెంటంతా బొగ్గు నుంచి వస్తుంటే, కార్బన్ లెక్కలో, అంటే భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ ఎంత వస్తుందన్న లెక్కలో, గ్యాస్ పొయ్యే నయం. గాలి, నీరు, ఎండ, అణుశక్తి నుంచి వచ్చే కరెంటు వాటా పెరిగేకొద్దీ ఇండక్షన్ ముందుకొస్తుంది. వంటగదిలో మంట లేకపోతే నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి వాయువులు పీల్చాల్సిన పని తప్పుతుంది. నా మటుకు ఆ ఒక్క కారణమూ తక్కువదేం కాదు.

చల్లదనం ఖరీదు

ఫ్యాను గదిని చల్లబరచదు. చెమట త్వరగా ఆరేలా చేసి మనిషిని చల్లబరుస్తుంది. గది విషయానికొస్తే మోటారు వేడితో కాస్త వేడెక్కిస్తుంది కూడా. అందుకే ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగితే ఎవరికీ ఏ లాభం లేదు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటే, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారు ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదికి ఒక్క ఫ్యాను మీదే 200 యూనిట్ల దాకా తేడా వస్తుంది. ఎక్కువసేపు తిరిగే ఫ్యానునే ముందు మార్చాలి.

ఏసీ రిమోట్‌లో 16 పెడితే గది త్వరగా చల్లబడదు. యంత్రం తన సత్తా మేరకే చల్లబరుస్తుంది. 16 అంటే అక్కడిదాకా ఆగొద్దని చెప్పడమే. గదికీ బయటికీ తేడా పెరిగేకొద్దీ గోడల్లోంచి, సందుల్లోంచి లోపలికి వచ్చే వేడీ పెరుగుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే 5, 6 శాతం కరెంటు మిగులుతుందని సాధారణంగా వేసే అంచనా. 26 పెట్టి ఫ్యాను సన్నగా తిప్పితే ఒంటికి తెలిసే చల్లదనం 24తో సమానంగా ఉంటుంది.

అసలు వేడిని లోపలికి రానీయకపోవడం అన్నిటికన్నా చవక. ఎండ నేరుగా పడే ఒక చదరపు మీటరు అద్దం కిటికీ గదిలో 500 వాట్ల హీటరు పెట్టినట్టే. లోపల కర్టెన్ వేస్తే కొంత ఆగుతుంది కానీ, ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అదే తడిక, చాప, చెట్టు, గుడ్డ పందిరి, ఏదైనా సరే కిటికీకి బయట ఉంటే వేడి బయటే ఉండిపోతుంది. పడమటి కిటికీల నుంచి మొదలుపెట్టాలి. సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. పైకప్పుకు తెల్ల పూత వేయడం కూడా ఈ కోవలోదే.

ఏసీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడనిది ఒకటుంది. అందులోని గ్యాస్. చాలా ఏసీల్లో ఉండే ఆర్-410ఏ వాయువు ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కలో, సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఒక యూనిట్ కరెంటు తయారీలో అరకిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుందని లెక్కేస్తే అది 4,000 యూనిట్ల కరెంటుతో సమానం. ఇంట్లో ఏసీలో ఉండే గ్యాస్ మోడల్‌ను బట్టి ఇంచుమించు కిలోనే. అంటే ఏళ్ల తరబడి రిమోట్ దగ్గర పాటించిన జాగ్రత్తంతా ఒక్క లీకుతో పోవచ్చు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి. ఏసీలో గ్యాస్ వాడితే అరిగిపోయేది కాదు. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, అంతే. "గ్యాస్ తగ్గింది, నింపాలి" అన్నారంటే ఎక్కడో లీకు ఉందన్నమాట. లీకు పట్టుకుని అతికించకుండా నింపితే కొత్త గ్యాసూ గాలిలోకే పోతుంది. వచ్చిన మెకానిక్‌ని ముందు లీకు చూడమనండి. ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పాల్సి వస్తే, గొట్టాలు ఊడదీసే ముందు గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు బిగించాలి. దాన్ని పంప్ డౌన్ అంటారు. ఆ పని చేయకుండా నట్టు తిప్పేస్తే బుస్సుమని వెళ్లిపోయేది అదే. కొత్తది కొనేటప్పుడు వెనక స్టిక్కర్ మీద ఏ గ్యాసో చూడండి. ఆర్-32 తీవ్రత ఆర్-410ఏలో మూడోవంతు. ఆర్-290 అంటే ప్రొపేన్, దాని ప్రభావం దాదాపు లేనట్టే. ఈ వాయువుల వాడకాన్ని దశలవారీగా తగ్గించడానికి 2016లో రువాండా రాజధాని కిగాలీలో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందానికి అది సవరణ.

నిద్రపోని వస్తువులు

తక్కువ వాట్లే అయినా 24 గంటలూ నడిచేవి ఏడాది చివర పెద్ద మొత్తమే తేలుస్తాయి. 10 వాట్ల సెట్‌టాప్ బాక్స్ ఆగకుండా ఉంటే ఏడాదికి 88 యూనిట్లు. పాత బాక్సుల్లో కొన్ని రిమోట్‌తో ఆపినా ఇంచుమించు అంతే లాగుతాయి. ఫ్రిజ్ సంగతి వేరే చెప్పాలా. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగి చూడండి. సులువుగా జారి వచ్చేస్తే చల్లగాలీ అక్కడినుంచే పోతోందని అర్థం. వెనక గోడకు ఆనించి పెడితే తోడిన వేడి పోవడానికి దారి ఉండదు, కంప్రెసర్ ఎక్కువసేపు కొట్టుకుంటుంది. కొత్త ఫ్రిజ్ కొన్నాక పాతదాన్ని ఇంకో గదిలో నడిపిస్తుంటే, ఆ పాతదే ఇంట్లో అనవసరపు ఖర్చుల్లో మొదటిది అవ్వొచ్చు.

మీ ఇంట్లో నిద్రపోని వస్తువులు ఎంత తింటున్నాయో మీటరే చెబుతుంది. డిజిటల్ మీటరు మీద మినుకుమినుకుమనే చిన్న లైటు ఉంటుంది. యూనిట్‌కు అది ఎన్నిసార్లు మినుక్కుమంటుందో పక్కనే అచ్చువేసి ఉంటుంది. 3200 అని ఉందనుకుందాం. అందరూ నిద్రపోయాక లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు ఆపి, ఫ్రిజ్ ప్లగ్ కూడా కాసేపు తీసి, పది నిమిషాలు లెక్కపెట్టండి. 20 సార్లు మినుక్కుమంటే 37.5 వాట్లు ఎవరికీ ఉపయోగపడకుండా పోతున్నట్టు. ఏడాదికి దాదాపు 328 యూనిట్లు. ఇప్పుడు ఒక్కో ప్లగ్ తీస్తూ మళ్లీ లెక్కపెడితే దొంగ దొరుకుతాడు. ఫ్రిజ్ ప్లగ్ మళ్లీ పెట్టడం మరిచిపోకండి.

యూనిట్ నుంచి కార్బన్‌కి

లీటరు పెట్రోలు ముప్పావు కిలో బరువు కూడా ఉండదు. అది కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఉన్నదానికన్నా ఎక్కువ బరువు ఎలా వచ్చింది? పెట్రోలులోని ప్రతి 12 గ్రాముల కార్బన్ గాలిలోని 32 గ్రాముల ఆక్సిజన్‌ను కలుపుకుని 44 గ్రాములు అవుతుంది కాబట్టి. అదనపు బరువంతా గాలిదే.

కరెంటు విషయంలో కార్బన్ మన ఇంట్లో పుట్టదు, కరెంటు తయారయ్యే చోట పుడుతుంది. వాతావరణ మార్పులను అంచనా వేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2014 నివేదిక ప్రకారం, నిర్మాణం నుంచి అంతా కలిపి లెక్కేస్తే యూనిట్‌కు బొగ్గు 820 గ్రాములు, గ్యాస్ 490, ఇంటిపై సోలార్ 41, అణుశక్తి 12, గాలిమరలు 11. బొగ్గు కేంద్రంలో కాల్చిన వేడిలో మూడోవంతు చిల్లరే కరెంటు అవుతుంది. దారిలో తీగల్లో కొంత పోతుంది. అందువల్ల ఇంట్లో ఆదా చేసిన ఒక్క యూనిట్ అక్కడ మూడు యూనిట్ల వేడికి సరిపడా బొగ్గును మిగులుస్తుంది. సోలార్ ఎక్కువగా ఉన్న చోట బట్టలుతకడం, నీళ్లెక్కించడం, బండి చార్జింగ్ మిట్టమధ్యాహ్నం పెట్టుకుంటే అవే యూనిట్లు తక్కువ కార్బన్‌తో వస్తాయి.

మీటరు చూపని కార్బన్ కూడా ఉంది. ఒక స్మార్ట్‌ఫోన్ తయారీలోనే 50 కిలోలకు పైగా విడుదలవుతుంది. ఏడాదంతా దాన్ని చార్జ్ చేయడానికి అయ్యేది మూడు నాలుగు కిలోలే. అంచేత ఫోన్‌ను ఇంకో రెండేళ్లు వాడటం మంచి ఆదా. గీజరు, పాత ఫ్రిజ్, పాత ఏసీల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ తయారీ కన్నా వాడకంలోనే ఎక్కువ పోతుంది. ఇక పారేసే తిండి. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని, అందులో 60 శాతం ఇళ్లలోనిదేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా. చెత్తకుప్పలో గాలాడక కుళ్లితే అది మీథేన్ అవుతుంది. ఇరవై ఏళ్ల లెక్కలో మీథేన్ తీవ్రత కార్బన్ డయాక్సైడ్‌కి 80 రెట్ల పైమాటే.

మిగిల్చింది మళ్లీ ఖర్చవుతుందా?

ఆవిరి యంత్రాలు మెరుగుపడేకొద్దీ బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగిందని 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త చూపించాడు. ఇళ్లలోనూ కొంత ఇదే జరుగుతుంది. ఎల్‌ఈడీనే కదా అని ఆరుబయట రాత్రంతా వెలిగిస్తాం. ఇన్‌వర్టర్ ఏసీనే కదా అని ఇంకో గదిలో కూడా పెడతాం. అందుకే "ఎన్ని స్టార్లు" అని చూసి ఆగకుండా, ఏడాది చివర మొత్తం యూనిట్లు తగ్గాయా లేదా అన్నదే చూసుకోవాలి.

ఒక ఇల్లు మారితే ప్రపంచం మారుతుందా అని అడిగేవాళ్లున్నారు. "కార్బన్ ఫుట్‌ప్రింట్" (ఒక మనిషి వాడకం వల్ల గాలిలో కలిసే కార్బన్ మొత్తం) అన్న మాటను జనంలోకి బాగా తీసుకెళ్లినవాళ్లలో చమురు కంపెనీ బీపీ ఒకటి. వ్యక్తుల కోసం 2004లో అది ఒక కాలిక్యులేటర్ పెట్టింది. భారమంతా ఇంటి మీదికి నెట్టే ఆ ధోరణిని అనుమానించడం న్యాయమే. కానీ ఇంటి వాటా చిన్నదన్న మాట నిజం కాదు. ప్రపంచం వాడే శక్తిలో 30 శాతం దాకా భవనాలు నడవడానికే పోతోంది. వాడకం వైపు మార్పులతో, వసతులూ విధానాలూ తోడైతే, ఆయా రంగాల్లో ఉద్గారాలను 2050 నాటికి 40 నుంచి 70 శాతం తగ్గించే వీలుందని ఐపీసీసీ 2022లో చెప్పింది. ఆ "తోడైతే" దగ్గరే మన గొంతు కూడా కావాలి. గట్టి లేబుళ్లు, మంచి గ్యాస్‌తో వచ్చే ఏసీలు, వేడిని ఆపే గోడలు కట్టించే నిబంధనలు అడగడం ఇంటి పనిలో భాగమే.

ఇంట్లో పెద్ద నిర్ణయాలు పదేళ్లకోసారి, అదీ ఏదైనా పాడైన రోజున జరుగుతాయి. గీజరు కారిపోయిన పొద్దున ఎవరికీ లేబుళ్లు పోల్చే తీరిక ఉండదు. దుకాణంలో ఏది ఉంటే అది ఇంటికొస్తుంది, వచ్చే పదేళ్ల యూనిట్లు ఆ టెన్షన్‌లో ఖాయమైపోతాయి. అందుకని ఇంట్లో ముసలిదైపోయిన వస్తువు ఏదో చూసి, దాని బదులు ఏ రకం, ఎంత సైజు, ఏడాదికి ఎన్ని యూనిట్లది, ఏసీ అయితే ఏ గ్యాస్‌ది తేవాలో అది నడుస్తుండగానే తేల్చుకుని, రాసి, మీటరు పెట్టె తలుపు లోపల అంటించి పెట్టండి.